అవతలి కొస

రాత 61. మంచు చిక్కగా పట్టింది.

ఈ రోజు బిడ్డ ఏం తిన్నది, ఎంతసేపు పడుకున్నది, ఎందుకు కేకలు పెట్టింది, ఎవరు దగ్గరకొస్తే ఊరుకుంది, ఇవన్నీ రాయాలి. తోడు ఆఫీసుకి అర్జీ పెట్టుకున్న ప్రతి తల్లీ రోజూ రాయాలి. అది పద్ధతి.

నా బిడ్డ దీవెన ఏమీ తినలేదు. పడుకోలేదు. కేకలు పెట్టలేదు. దీవెన లేదు. మొన్న వానల ముందు మంచులో నడిచి వెళ్ళి, కొండ అంచు దాటి పడిపోయింది.

అయినా అర్జీ తేలేదాకా రాస్తూనే ఉండమన్నారు. లేని బిడ్డ గురించి ఏం రాయాలని అడిగాను. ఆ రోజు ఏం జరిగితే అది రాయమన్నారు.

నేను ఐదో తరగతి దాకా చదివాను, కింద సముద్రం పక్కన మా ఊరూ బడీ ఉన్నప్పుడు. ఇప్పుడు అక్కడ నీళ్ళే. మేమంతా కొండని మెట్లుగా చెక్కి కట్టిన ఇళ్ళల్లో ఉంటున్నాం. మాది మూడో మెట్టు. చేపల వలలు అల్లిన చేతులతోనే ఇప్పుడు మంచు వలలు అల్లుతున్నాం. వల మీద పట్టిన మంచు బొట్టు బొట్టుగా కాలువలోకి, కాలువ నుంచి తొట్టిలోకి దిగుతుంది. ఆ నీళ్ళే తాగుతాం. వల చిరిగితే ఆ పూట తొట్టి వెలితి.

ఈ రోజు ఒక పెద్ద చిరుగు బాగుచేశాను. ఆ పనికి ఇద్దరు కూర్చోవాలి. ఒకరు తాడు అవతలి కొస పట్టుకుంటే ఇంకొకరు ముడులు వేస్తారు. మా అమ్మ ఈ పని నేర్పినప్పుడు ఒక్కటే చెప్పింది. "నాగొద్దు, ఒగ్గొద్దు." లాగకూడదు, వదలకూడదు. లాగితే పక్క ముడి తెగుతుంది. వదిలితే వేసిన ముడి జారుతుంది.

దీవెన నాకు అవతలి కొస పట్టేది. ఇప్పుడు గోడకున్న మేకుకే కట్టుకున్నాను. మేకు లాగదు, వదలదు. కానీ మేకు మేకే.

రాత 62. మంచు పలచన. తొట్టి సగమే.

తోడు ఆఫీసు నుంచి తబస్సుం మేడం వచ్చింది. చాప మీద కూర్చోవడానికి కాస్త తటపటాయించి కూర్చుంది. దీవెన పడుకునే చాప అదేనని ఆమెకి తెలుసు.

చదివేవాళ్ళ కోసం ముందునుంచీ రాస్తాను. దీవెనకి ఆటిజం అని నాలుగో ఏట చెప్పారు. మాటలు రాలేదు. నన్ను పిలవాలంటే నాలిక రెండుసార్లు టక్ టక్ అనిపించేది. వాళ్ళ నాన్న దూరపు కట్ట పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. నేను పైవరస వలలు దులపడానికి పోతే పిల్ల ఒక్కతే. అందుకే తోడు కావాలని అర్జీ పెట్టాను. తోడు అంటే, తల్లి పనికెళ్ళిన వేళ పిల్ల దగ్గర కూర్చునే మనిషి. అంతే.

అప్పుడు మా గోడకి ఒక కన్ను బిగించారు. ఉడకేసిన కోడిగుడ్డంత ఉంటుంది. అది వారం రోజులు రాత్రీ పగలూ దీవెనని చూసింది. చూసి చెప్పింది: బిడ్డ ఒంటరిగా ప్రశాంతంగా ఉండగలదు, తోడు అవసరం లేదు. మళ్ళీ చూడమని అడిగాను. వాళ్ళు మళ్ళీ చూసేలోపు దీవెన వెళ్ళిపోయింది.

"పిల్లే నేదు గదమ్మా. ఇప్పుడింకేటి సూత్తారు?" అన్నాను మేడంతో.

"అర్జీ ఉంది పోలమ్మ గారూ. తేల్చకుండా మూసెయ్యకూడదు. మీ మెట్టుకి ఒక తోడు మనిషి రావాలా వద్దా అన్నది మీ అర్జీ మీదే ఆగింది. మీ వెనక ఇంకొకరు కూడా పెట్టుకున్నారు."

"పక్కింటి నూకరత్నం. దాని పిల్ల లాస్య కోసం."

"అవును. మీ పాపకి అవసరం ఉండేదని తేలితే ఆ తోడు లాస్యకి వెళ్తుంది. లేదని తేలితే మూడో మెట్టుకి తోడు కొలువే తీసేస్తారు."

"ఎలాగ తేలుత్తారు?"

మేడం కాసేపు గోడ మీది కన్ను వంక చూసింది. ఇది చూసినదంతా కలిపి ఆఫీసులో దీవెన అచ్చు చేశారట. కళ్ళజోడూ చేతొడుగులూ వేసుకుంటే ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుందట. దాని ముందు డప్పు కొడతారు, దీపాలు ఆర్పుతారు, కొత్త మనిషిని పంపుతారు. అది ఏం చేస్తుందో చూసి లెక్క కడతారు. పరీక్షల పేరుతో బతికున్న పిల్లల్ని ఏడిపించకూడదని ఈ పద్ధతి తెచ్చారట. మంచి ఉద్దేశమే.

"తల్లి ఎదురుగా ఉండాలి. అదీ పద్ధతే. తేలిపోయాక అచ్చుని చెరిపేస్తారు," అంది.

"అచ్చంటే ఏటమ్మా, బొమ్మా?"

"అది మీరు చూసి చెప్పాలి," అంది మేడం.

రాత 64. మంచు లేదు. గాలి.

వెళ్ళాను. నీలం చీర కట్టుకుని వెళ్ళాను. దీవెనకి రంగులు మారితే గిట్టదు, ఇంట్లో ఎప్పుడూ అదే కట్టేదాన్ని.

చిన్న గది. ఒక కుర్చీ, ఒక బల్ల. కళ్ళజోడు పెట్టారు. పెట్టగానే మా ఇల్లే. మా చాపే. చాప మీద దీవెన.

నేను అరవలేదు. అరిస్తే దానికి పడదు. ఊపిరి మెల్లగా తీసుకున్నాను. తల స్నానం చేయించిన రోజు ఎలా ఉండేదో అలా ఉంది, జుట్టు వీపు మీద అతుక్కుని. నా ముఖం వంక చూడలేదు. ఎప్పుడూ చూడదు. చూడకుండానే చెయ్యి పక్కకి చాపింది. చేతిలో తాడు ఉంది. మా వల తాడు. అవతలి కొస నా కోసం చాపింది.

పట్టుకున్నాను. చేతొడుగులో తాడు తగిలింది. అవతల దాని బరువు తగిలింది.

డప్పు కొట్టారు. దీవెన భుజాలు బిగిశాయి. కొస మీద కొంచెం బిగువు పెంచాను. భుజాలు దిగాయి. దీపాలు ఆర్పారు. చీకట్లో తాడు నా చేతిలో రెండుసార్లు కదిలింది, నేను తిరిగి ఒకసారి కదిపాను. తెలియని మగమనిషి వచ్చి దాని ముందు నిలబడ్డాడు. దీవెన ముడులు ఒక్కొక్కటీ వేళ్ళతో తడుముకుంటూ కూర్చుంది.

అయిపోయాక మేడం చదివింది. బిడ్డ ఒంటరిగా ప్రశాంతంగా ఉండగలదు. తోడు అవసరం లేదు.

"మీకు సమ్మతమైతే ఇక్కడితో తేలినట్టే. లేదంటే మళ్ళీ చూడమని అడగొచ్చు. తల్లి ఒప్పుకునేదాకా ఎన్నిసార్లయినా అడగొచ్చు."

"ఒప్పుకోను," అన్నాను. ఆమె మాట పూర్తికాకముందే అన్నాను.

రాత 67. మంచు బాగా పట్టింది. తొట్టి నిండింది.

ఇల్లు ఊడ్చాను. చీర ఉతికి ఆరేశాను, వచ్చేసారికి. పనిలో ఎవరో ఏదో అంటే నవ్వానట. ఏడిపించినట్టు అన్నారు, "పోలమ్మ నవ్విందర్రా" అని.

నూకరత్నం ఎండు నెత్తళ్ళ పులుసు తెచ్చింది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి నన్ను అక్క వరసలో అప్పా అంటుంది. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

"ఏటప్పా, తేలిందా?"

"నేదు. మల్లీ సూత్తారంట."

"ఈపాలి అవుద్దంటావా?"

"సూడాలి."

గిన్నె కింద పెట్టింది. లాస్య, తల్లి కొంగు కింద నుంచి, ఒక డబ్బా మూత మా ఇంట్లోకి దొర్లించింది. ఆ పిల్లకి ఆరేళ్ళు. మూతలు దొర్లించి అవి ఆగేదాకా చెవి నేలకి ఆనించి వింటుంది. మూత వచ్చి దీవెన చాప అంచుకి తగిలి పడిపోయింది. ఎవరం తియ్యలేదు.

పులుసు బాగుంది. ఒక్కదాన్నే అయినా రెండు కంచాలు కడిగాను. అలవాటు.

రాత 70. పలచన.

రెండోసారి వెళ్ళాను. ఈసారి వర్షం చప్పుడు పెట్టారు, బిడ్డ తినే గిన్నె మార్చారు. దీవెన గిన్నె వంక చూసి వణకబోయింది. కొస పట్టుకున్నాను. తినలేదు గాని ఊరుకుంది. తోడు అవసరం లేదు అని వచ్చింది. ఒప్పుకోనని చెప్పి లేవబోయాను.

తబస్సుం మేడం నా కుర్చీ పక్కనే నిలబడి ఉంది.

"పోలమ్మ గారూ, మీ కుడి చెయ్యి ఎప్పుడూ బల్ల కిందే ఉంటుందేం?"

"కొస పట్టుకున్నానండి."

"ఏ కొస?"

"తాడుదండి. అది ఇటు పట్టుకుంటాది, నాను అటు. ఇంట్లో ఎప్పుడూ అంతే. అన్నం వొండుతుంటే కాలి ఏలికి కట్టుకుంటాను. పడుకుంటే మణికట్టుకి."

మేడం తన చోటుకి వెళ్ళి ఇంట్లో కన్ను తీసిన బొమ్మలన్నీ మళ్ళీ వేసి చూసింది. వల తాడు మంచు రంగే. సన్నం. వెలుగు పడితేనే అక్కడక్కడ మెరుస్తుంది. ప్రతి బొమ్మలోనూ దీవెన ఒక్కతే ఉంది. ప్రతి బొమ్మలోనూ దాని చేతిలోంచి ఒక మెరుపు గీత పక్కకి పోయి, కన్ను చూపు ఆగిన చోట ఆగిపోయింది.

"మొదట మావాళ్ళు ఇంటికొచ్చి కన్ను పెట్టినప్పుడు కూడా?" అంది.

"అప్పుడు మరీ గట్టిగా పట్టుకున్నానండి. ఆ వారం పనికీ పోనేదు. మీవోలొచ్చేరు గదా, పిల్ల గోల సేత్తే బాగుండదని."

చుట్టాలొస్తే ఇల్లు సర్దినట్టు చేశాను. వేరే ఎలా చేస్తారు?

మేడం తన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచింది. "కన్ను పాపనే చూస్తుంది. మిమ్మల్ని చూడదు. మీరు మోసిందంతా పాప ఖాతాలో పడింది. పోలమ్మ గారూ, ఒక్కసారి మీరు కొస వదిలి చూపించాలి. అప్పుడు తేలిపోతుంది."

"వొదిల్తే అది ఏడుత్తాది."

"నిజంగా కాదు కదా..." అని, ఆగిపోయింది.

"మొన్న మీరే అన్నారు, నానే సూసి సెప్పాలని. సూసినాను. బొమ్మ కాదు."

రాత 71. మంచు లేదు.

నూకరత్నానికి ఎవరు చెప్పారో తెలియదు. ఆఫీసులో ఊడ్చేవాళ్ళు మా మెట్టు వాళ్ళే. తొట్టి దగ్గర బిందె పక్కన పెట్టి అందరి ముందూ అడిగేసింది.

"సెయ్యి వొదిలితే అవుద్దంటగదా. వొదలనన్నావంట."

"మెల్లగా మాటాడు రత్నం."

"ఎందుకు మెల్లగా? తేల్తే పిల్ల బొమ్మ తీసెత్తారని నీకు బయం. అవునా కాదా? వారవారం పోయి సూసుకుందావని. నా పిల్ల బతికుందప్పా! రోజూ తలుపు గడియెట్టి, లోపల అది తల గోడకేసి కొట్టుకుంతంటే ఇని పనికి పోతన్నాను."

"నీకు తెలవదు."

"నాకు తెలవదా? నీది పోనాది, నీకు తెలుసు. నాది పోతే నాకూ తెలుత్తాది, అందాక కూకోమంతావా?"

ఎవరో "ఒలమ్మ, ఊరుకో" అన్నారు. నేను నీళ్ళు పట్టుకోకుండానే వచ్చేశాను. ఆమె అన్నదాంట్లో అబద్ధం ఒక్కటి కూడా దొరకలేదు. దొరికితే కోపం తెచ్చుకుందామని చాలాసేపు వెతికాను.

రాత 72. మంచు లేదు.

నూకరత్నం మాట్లాడలేదు. ఎవరూ మాట్లాడలేదు. గోడకవతల మూతలు దొర్లుతున్నాయి.

ఇక్కడ రాయడానికి ఇంకేమీ లేదు.

రాత 73. చిక్కగా. చెయ్యి చాపితే చెయ్యి కనపడదు.

పొద్దున పని గంట కొట్టాక నూకరత్నం కేక. గడియ ఊడిపోయింది. లాస్య లేదు.

మెట్టంతా లేచింది. పేర్లు పెట్టి అరవకండి అన్నాను. అరుపులు వింటే ఇలాంటి పిల్లలు ఇంకా దూరం పోతారు. దీవెన కోసం మేమంతా అరిచాం. ఎవరూ వినలేదు నా మాట, ఈసారీ అరిచారు. నూకరత్నం ఒక్కతే నోరు మూసుకుని నా వంక చూసింది.

నేను దాని ఇంట్లోకెళ్ళి మూతలు తెచ్చాను. పైవరస వలల దగ్గర, రాతి బాట మీద ఒకటి దొర్లించాను. రెండోది దొర్లించాను. అది ఆగాక కూడా చప్పుడు వచ్చింది. పక్క నుంచి, రాయి మీద అరచెయ్యి తట్టిన చప్పుడు. అంచు దగ్గర, వల కింద బోర్లా పడుకుని చెవి నేలకి ఆనించి వింటోంది లాస్య. దాని కాళ్ళు అంచుకి అవతల ఉన్నాయి.

నూకరత్నం పాక్కుంటూ వెళ్ళి చీర కొంగుతో చుట్టి లాక్కొచ్చింది. పిల్ల కొరికింది, రక్కింది. ఆమె వదల్లేదు.   ఆ చోటు మా ఇద్దరికీ తెలుసు. దీవెన పడింది ఆ పక్క వల దగ్గరే.

మధ్యాహ్నం ఆఫీసుకి కబురు పెట్టాను, వస్తానని.

రాత 75. మంచు ఎలా ఉందో చూడలేదు.

తబస్సుం మేడం ఈసారి డప్పు మనిషిని పంపేసింది. గదిలో మేమిద్దరమే.

"ముందు కాసేపు పట్టుకోనీండి. తరవాత నానే ఒగ్గీత్తాను," అన్నాను.

"మీరు తల ఊపాకే మొదలుపెడతాను. తొందరేం లేదు."

కళ్ళజోడు పెట్టుకున్నాను. దీవెన చాప మీద ఉంది. చూడకుండానే చెయ్యి చాపింది. కొస పట్టుకున్నాను. ముక్కుతో సన్నగా పాడుకుంటోంది. ఆ పాటకి మాటలు లేవు, రాగం కూడా సరిగా లేదు, పడవ మోటారు దూరంగా పోతున్నట్టు ఉంటుంది. దాన్ని నేనింతకు ముందు ఈ రాతల్లో రాయలేదు. ఎక్కడో ఒక చోట ఉండాలని రాస్తున్నాను.

చాలాసేపు కూర్చున్నాం. మేడం దగ్గలేదు, కుర్చీ కదపలేదు.

తల ఊపాను.

ముందు వేళ్ళు విప్పాను. తాడు వెంటనే పడలేదు, చేతొడుగు గరుకుకి కాస్త పట్టుకుంది. తరవాత జారింది.

అది నేల తగలకముందే దీవెనకి తెలిసింది. పాట ఆగింది.

ఏడుస్తుందనుకున్నాను. తల కొట్టుకుంటుందనుకున్నాను. ఏమీ చెయ్యలేదు. తాడుని తన వైపు లాక్కోవడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి, ఇంకో చెయ్యి. సముద్రంలోంచి వల లాగినట్టు. అది సముద్రం మీద వల ఎప్పుడూ చూడలేదు. లాగిన తాడు లాగినట్టే ఎడమ మణికట్టుకి చుట్టుకుంది. చివరికి కొస వచ్చింది. కొసని చూసింది. వాసన చూసింది. చెంపకి ఆనించుకుంది. కొసన నా చెయ్యి లేదు.

అప్పుడు లేచింది.

గుమ్మం దాకా వెళ్ళింది. గుమ్మం అవతలిది గోడ కన్ను ఎప్పుడూ చూడలేదు, అందుకని అచ్చులో అక్కడ ఏమీ లేదు. తెల్లగా ఉంది. మంచులాగే ఉంది. దీవెన అక్కడ నిలబడి నాలిక టక్ టక్ అనిపించింది. కాసేపు ఆగి మళ్ళీ అనిపించింది. నేను ఇక్కడే ఉన్నాను, దాని వెనకే, కుర్చీలో. పిలవకూడదు. నోట్లో చెంగు కుక్కుకున్నాను. దీవెన ఆ తెలుపులోకి నడిచి వెళ్ళిపోయింది.

మేడం ఆపేసింది. నా కళ్ళజోడు తనే తీసింది.

ఇక్కడ ఒకటి రాయాలి. దీవెన అంచు కింద దొరికినప్పుడు తాడంతా దాని ఎడమ మణికట్టుకి చుట్టి ఉంది, శుభ్రంగా, వరసగా. ఆ రోజు పనికి పోతూ కొస మేకుకి కట్టి వెళ్ళాను. నీళ్ళ బొట్ల చప్పుడు దానికి ఇష్టం, ఆ చప్పుడు కోసం పోయిందని మెట్టులో అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను. ఇన్నాళ్ళూ తొట్టిలో నీళ్ళు పడే చప్పుడు వింటే చెవులు మూసుకున్నాను.

నీళ్ళ కోసం కాదు. మేకుకి ప్రాణం లేదని దానికి తెలిసింది. ముడి విప్పి, తాడంతా చుట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. నేను పైవరసలో వలలు దులుపుతున్నాను. దారి తప్పలేదు. నా వైపే వచ్చింది.

"నీళ్ళు తాగుతారా?" అంది మేడం. 

తాగాను.

"ఒప్పుకుంటున్నారా?"

"ఒప్పుకుంటున్నానండి."

రాత 79. పలచన.

తీర్పు వచ్చింది. బిడ్డకు నిరంతరం తోడు అవసరం అని ఉంది. నాలుగుసార్లు చదువుకున్నాను. అచ్చుని నిన్న చెరిపేశారట.

ఇకమీదట గోడ కన్ను తల్లి చేతుల్ని కూడా చూడాలని మేడం పైకి రాసిందట. వాళ్ళు వింటారో లేదో తెలియదంది.

ఇంట్లో కన్ను తీసుకుపోవడానికి ఒకతను వచ్చాడు. గోడకి చిన్న బెజ్జం మిగిలింది. సున్నం పెట్టి పూడుస్తానన్నాడు. వద్దన్నాను. ఎందుకన్నానో తెలియదు.

రాత 82. మంచు బాగా పట్టింది.

తోడు మనిషి వచ్చింది. పేరు మరిడమ్మ. నా ఈడే ఉంటుంది. మోకాలు నొప్పి, ప్రతి మెట్టుకీ దేవుణ్ణి తిట్టుకుంటూ ఎక్కింది. బుగ్గలో లవంగం. కాగితం మీద నా పేరే ఉంది కాబట్టి మా గుమ్మంలోకే వచ్చింది.

"ఓలమ్మో, ఇదేటి కొండ, ఇదేటి మెట్లు! నువ్వేనా పోలమ్మా? పిల్లేదమ్మా, ఎక్కడ కూకుంది?"

ఎవరూ ఆమెకి చెప్పలేదు.

చెప్పాను. లవంగం నమలడం ఆపేసింది. గుమ్మంలోనే కూలబడి, కాసేపు తన మోకాలు తనే రుద్దుకుంది.

"మరి నాను ఎవులికి?" అంది మెల్లగా.

పక్కింటికి తీసుకెళ్ళాను. తలుపు తట్టొద్దన్నాను, అరచేత్తో తలుపు మీద ఒకసారి నిమరమన్నాను. ఎదురుగా నిలబడొద్దు, పక్కకి తిరిగి నిలబడమన్నాను. తొట్టి దగ్గర గొడవయ్యాక నేను ఆ గుమ్మం ఎక్కడం ఇదే. నూకరత్నం తలుపు తీసి మా ఇద్దరి వంకా చూసి, పక్కకి జరిగింది.

మరిడమ్మ నా నడుముకి దోపుకున్న తాడు చూసింది. "దీనికి తాడు పట్టుకోవాలంట గదా, ఆపీసులో అన్నారు."

"అది నా పిల్లకి. దీనికి తాడు పనికిరాదు. దీనికేటి కావాలో నువ్వే కనిపెట్టాలి. ముందు కూకో."

కూర్చుంది, మోకాలితో సహా మూలుగుతూ. లాస్య మూల నుంచి చూడలేదు. చాలాసేపటికి ఒక మూత దొర్లించింది. మరిడమ్మ పాదానికి తగిలి ఆగింది. మరిడమ్మ దాన్ని ముట్టుకోలేదు. చెవి నేలకి ఆనిద్దామని వంగబోయి, నడుము పట్టేసి, అక్కడే పక్కకి ఒరిగిపోయింది. నూకరత్నం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నేను చూడలేదు. వచ్చేశాను.

రాత 83. చిక్కగా.

అర్జీ తేలిపోయింది కాబట్టి ఇంక రాయక్కర్లేదని కబురొచ్చింది. ఇదొక్కటి రాసి ఆపేస్తాను.

సాయంత్రం పెద్ద వల దించి చిరుగు ముందేసుకున్నాను. కొస మేకుకి కట్టాను. ఒక ముడి వేశాను, రెండోది వేశాను. పక్కింట్లో ఎవరూ తల కొట్టుకోవడం లేదు. మూత దొర్లిన చప్పుడు, ఆగిన చప్పుడు, మరిడమ్మ ఏదో అంటున్న చప్పుడు.

నూకరత్నం వచ్చింది. చేతులు ఖాళీగా వచ్చింది. పెళ్ళయి వచ్చాక ఆమె చేతులు ఖాళీగా ఉండటం నేను చూడలేదు, ఎప్పుడూ ఒక పిల్లో ఒక బిందో. ఏం చెయ్యాలో తెలియనట్టు ఆ చేతులు చీరకి తుడుచుకుంది. గోడ బెజ్జం వంక చూసింది. చాప వంక చూసింది. చాప తొక్కకుండా చుట్టూ తిరిగి మేకు దగ్గరికెళ్ళి ముడి విప్పింది. కొస పట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ఎలాగప్పా?"

"నాగకు. ఒగ్గకు."

గట్టిగా లాగి పట్టుకుంది. కొత్త కదా. అలా పడితే పక్క ముడి తెగుతుంది. తెగితే మళ్ళీ వేసుకోవచ్చని ఊరుకున్నాను. తాడు కొంచెం వణుకుతోంది. మేకు వణకదు.